అరుదైన విడిభాగాలున్న గిటార్ పెడల్‌ను బాగు చేసుకునే పద్ధతి

గిటార్ ధ్వనిని మార్చే పాత ఎఫెక్ట్స్ పెడల్ మూగబోగానే అందులోని అరుదైన ఐసీయే (చిప్) పోయి ఉంటుందని చాలామంది ముందే నిర్ణయించుకొని, ఆ నంబరు పట్టుకొని ఊరూరా వెతుకుతారు. ఆ ఐసీని అనుమానించవలసింది అన్నింటికన్నా చివర. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చర్చి బృందాలు, కళాశాల బ్యాండ్లు, ఆర్కెస్ట్రాలు వాడే పెడళ్లలో చాలావరకు చేతులు మారి వచ్చినవే కాబట్టి, వాటిలో జాక్ వదులు కావడం, తప్పుడు అడాప్టర్ పెట్టడం, బ్యాటరీ రసం కారి తీగలు చిలుము పట్టడం వంటి మామూలు దోషాలే ఎక్కువగా కనిపిస్తాయి. కనుక ముందు దోషం ఎక్కడుందో తేల్చుకోవాలి, ఆ తరువాతే విడిభాగం కోసం బయలుదేరాలి.

మొదట కరెంటు సంగతి చూడాలి. ఎక్కువ పెడళ్లకు 9 వోల్టులు, ప్లగ్గు మధ్యభాగం నెగెటివ్‌గా ఉండే అడాప్టర్ కావాలి. మధ్యభాగం పాజిటివ్‌గా ఉన్న అడాప్టర్ ఎవరైనా పెట్టి ఉంటే, సర్క్యూట్‌ను కాపాడడానికి సప్లైకి అడ్డంగా పెట్టిన డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) తాను షార్టయి మిగతా బోర్డును బతికించి ఉండవచ్చు. అలాంటప్పుడు తక్కువ ధరకు ఎక్కడైనా దొరికే 1ఎన్4001 ఒక్కటి మార్చితే పెడల్ తిరిగి పలుకుతుంది. బాస్ (Boss) కంపెనీ పాత పెడల్ మీద ఏసీఏ (ACA) అని రాసి ఉంటే, అది రెగ్యులేటర్ లేని 12 వోల్టుల అడాప్టర్ కోసం తయారైనదని గుర్తించాలి. దానికి ఇప్పటి 9 వోల్టుల రెగ్యులేటెడ్ అడాప్టర్ పెడితే ఎల్ఈడీ మసకబారుతుంది. అది దోషం కాదు, కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూస్తే తేలిపోతుంది. చాలా పెడళ్లలో బ్యాటరీ నెగెటివ్ తీగ ఇన్‌పుట్ జాక్ గుండా వెళ్తుంది కాబట్టి, ఆ జాక్‌లో కేబుల్ పూర్తిగా దిగకపోతే పెడల్‌కు కరెంటే అందదు.

కరెంటు సరిగా ఉన్నా ధ్వని రాకపోతే, ధ్వని ఎక్కడిదాకా వస్తోందో విని చూసే ఆడియో ప్రోబ్ ఒకటి తయారు చేసుకోవాలి. పాత గిటార్ కేబుల్ ఒక కొసను కోసి, లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను సోల్డర్‌తో అతికించి, కవచపు తీగను పెడల్ గ్రౌండుకు కలిపి, రెండో కొసను ఆంప్లిఫైయర్‌కు పెట్టాలి. పెడల్‌లోకి ఫోన్ నుంచి ఏదైనా పాటను తక్కువ ధ్వనితో పంపుతూ, ఇన్‌పుట్ నుంచి ఔట్‌పుట్ వైపు ఒక్కో పిన్నునూ కెపాసిటర్ కాలితో తాకుతూ పోతే, ఎక్కడి వరకు ధ్వని వినిపించి ఎక్కడ ఆగిపోయిందో ఆ మధ్యలోనే దోషం ఉంటుంది. ఆసిలోస్కోప్ లేని ఇంటికి ఇంతకన్నా ఉపయోగపడే పరికరం లేదని నా నమ్మకం.

ఆ తరువాత మల్టీమీటర్ తీయాలి. ట్యూబ్ స్క్రీమర్ వంటి ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని చీల్చే) పెడళ్లలో ఉండే 4558 ఐసీకి 8వ పిన్ను దగ్గర సుమారు 9 వోల్టులు, 4వ పిన్ను దగ్గర సున్నా, ఔట్‌పుట్ పిన్నులైన 1, 7 దగ్గర దాదాపు 4.5 వోల్టులు ఉండాలి. ఇన్‌పుట్ పిన్నుల దగ్గర కొంచెం తక్కువ కనిపించినా కంగారు పడనవసరం లేదు. పెద్ద విలువ గల రెసిస్టర్ ద్వారా వచ్చే వోల్టేజ్‌ను మీటరే కొంత తగ్గించి చూపుతుంది. ఔట్‌పుట్ మాత్రం 9కో సున్నాకో అతుక్కుపోయి ఉంటే ఐసీ గానీ, ఆ సగం వోల్టేజ్‌ను తయారుచేసే భాగం గానీ చెడిందని అర్థం. ఈ 4558ను అరుదైనదిగా భావించి ఎక్కువ ధర పెట్టేవారున్నారు గానీ, మన మైక్ సెట్ ఆంప్లిఫైయర్ల బాస్-ట్రెబుల్ బోర్డుల్లో అదే నంబరు ఐసీ ఉంటుంది.

నిజంగా దొరకడం కష్టమైనవి కోరస్, ఫ్లాంజర్, అనలాగ్ డిలే పెడళ్లలోని బకెట్ బ్రిగేడ్ ఐసీలు, అంటే ధ్వనిని ఒక దశ నుంచి మరో దశకు అందిస్తూ ఆలస్యం చేసేవి. 1979లో వచ్చిన బాస్ కంపెనీ కోరస్ పెడల్ సీఈ-2లో ధ్వనిని ఆలస్యం చేసేది మత్సుషితా కంపెనీ ఎంఎన్3007, దానికి క్లాక్ (ఆ దశలను నడిపే తాళం) ఇచ్చేది ఎంఎన్3101. కోరస్ ఊగడం మానేసినా ఆలస్యమైన ధ్వని మాత్రం వస్తూనే ఉంటే దోషం ఊపును పుట్టించే భాగంలో ఉంటుంది గానీ ఈ ఐసీలో కాదు. ఆలస్యమైన ధ్వని అసలే రాకపోతే ముందుగా ఎంఎన్3101 క్లాక్ పిన్నులు 2, 4 దగ్గర డీసీ వోల్టేజ్ చూడాలి. క్లాక్ నడుస్తుంటే మీటరు దాదాపు సగం సప్లైని చూపుతుంది. పూర్తి సప్లై గానీ సున్నా గానీ కనిపిస్తే క్లాక్ ఆగిపోయిందన్నమాట. క్లాక్ బాగుండి, ఐసీ ఇన్‌పుట్‌కు ధ్వని చేరి, బయాస్ ట్రిమ్మర్‌ను (ఐసీకి అందే స్థిర వోల్టేజ్‌ను సర్దే చిన్న స్క్రూ) నెమ్మదిగా తిప్పినా ఔట్‌పుట్‌లో ఏమీ రానప్పుడే ఎంఎన్3007 పోయిందని నమ్మాలి. తిప్పే ముందు ట్రిమ్మర్ ఉన్న స్థానాన్ని మార్కర్‌తో తప్పక గుర్తు పెట్టుకోవాలి.

ఎంఎన్3207 సులభంగా దొరుకుతుంది కదా అని ఎంఎన్3007 స్థానంలో పెట్టకూడదు. రెండింటిలో దశల సంఖ్య 1024 అయినా, సప్లై దిశ వేరు, వోల్టేజ్ వేరు. పెడల్‌లో ఉన్నది 3207 అయితే మాత్రం కూల్‌ఆడియో వారి వీ3207, దానితోపాటు దాని క్లాక్ ఐసీ వీ3102 కొత్తగానే దొరుకుతున్నాయి. కరోకే, మైక్ సెట్ ఎకో బోర్డుల్లో తరచుగా కనిపించే పీటీ2399 డిజిటల్ ఐసీ. చవక డిలే పెడళ్లు కొన్ని దానితోనే చేసినవి కాబట్టి వాటికి పనికివస్తుంది గానీ, బకెట్ బ్రిగేడ్‌కు బదులు కాదు.

ట్రాన్సిస్టర్లలో నంబరు కన్నా కాళ్ల వరుస ముఖ్యం. చదునైన ముఖం మన వైపు ఉంచి చూస్తే 2ఎస్‌సీ1815 కాళ్లు ఎమిటర్, కలెక్టర్, బేస్; బీసీ547 కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. పాత పెడళ్లలో స్విచ్చింగ్‌కు వాడిన 2ఎస్‌కే30ఏ జెఫెట్‌కు (ఒక రకం ట్రాన్సిస్టర్) గేట్ అనే కాలు మధ్యలో ఉంటుంది, జే113కు చివరన ఉంటుంది. కాళ్లు మెలిపెట్టి అమర్చేటప్పుడు వాటికి సన్నని స్లీవ్ తొడగాలి.

విడిభాగాల కోసం ముందుగా మన ప్రాంతంలోని పాత రేడియో, టీవీ మెకానిక్కుల దగ్గర అడగాలి. వారి డబ్బాల్లో ఉన్న సరుకు ఏ వెబ్‌సైటులోనూ కనిపించదు. అక్కడ లేకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ. పాత నంబరు ఐసీని కొనేటప్పుడు అసిటోన్ తడిపిన దూదితో పైభాగాన్ని రుద్ది చూడాలి; అక్షరాలు చెరిగిపోయి కింద గీరిన ఉపరితలం బయటపడితే అది వేరే ఐసీ మీద నంబరు ముద్రించి అమ్ముతున్న నకిలీ.

ధ్వనిని గరుకుగా చీల్చే ఫజ్ పెడళ్లకు కావలసిన జెర్మేనియం ట్రాన్సిస్టర్ల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ పెడల్‌లోని రెండు ఎన్‌కేటీ275 ట్రాన్సిస్టర్లు దొరక్కపోయినా, మన దేశంలో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన ఏసీ128 పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఇప్పటికీ దొరుకుతుంది. అయితే వీటిలో కరెంటు లీకు ఎక్కువ కాబట్టి మల్టీమీటరులోని హెచ్‌ఎఫ్‌ఈ (ట్రాన్సిస్టర్ గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచుతుందో కొలిచే) రంధ్రం చూపే అంకెను నమ్మరాదు. ఎమిటర్‌ను 9 వోల్టుల పాజిటివ్‌కు, కలెక్టర్‌ను 2.2 కిలోఓమ్, 270 ఓమ్ రెసిస్టర్ల వరుస గుండా నెగెటివ్‌కు కలిపి, బేస్‌ను ఖాళీగా వదిలి ఆ రెసిస్టర్ల మీద వోల్టేజ్ చూస్తే అది లీకు, 0.25 వోల్టు అంటే సుమారు 100 మైక్రోఆంపియర్లు. తరువాత బేస్‌ను 2.2 మెగాఓమ్ ద్వారా నెగెటివ్‌కు కలిపి, వచ్చిన వోల్టేజ్ నుంచి లీకును తీసివేసి నూరుతో గుణిస్తే నిజమైన గెయిన్ వస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్‌కు 70 నుంచి 85, రెండో దానికి 110 నుంచి 130 ఉన్న జంట బాగా పలుకుతుంది. వేళ్ల వేడికే అంకెలు మారిపోతాయి కాబట్టి తాకిన తరువాత చల్లారనివ్వాలి. పది డిగ్రీలు పెరిగితే లీకు దాదాపు రెట్టింపవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో డిసెంబరులో ఎంచిన జంట మే నెలలో గరగరలాడవచ్చు. అందుకే రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గరి 8.2 కిలోఓమ్ రెసిస్టర్ స్థానంలో ట్రిమ్మర్ పెట్టి, కలెక్టర్ వోల్టేజ్‌ను గ్రౌండు నుంచి 4.5 దగ్గరకు సర్దుకునే వీలు ఉంచుకోవడం మంచిది. ఈ రకం (పీఎన్‌పీ) ట్రాన్సిస్టర్లున్న ఫజ్‌లలో గ్రౌండు పాజిటివ్ కాబట్టి, వాటిని మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్ గొలుసుకు కలిపితే సప్లై షార్టవుతుంది. వాటికి విడి బ్యాటరీ ఉండాలి.

ఐసీ మార్చేటప్పుడు పాత బోర్డు మీది రాగి గీతలు సులభంగా లేచిపోతాయి. పోయిందని తేలిన ఐసీ కాళ్లను కట్టర్‌తో ఒక్కొక్కటిగా కత్తిరించి, తరువాత మిగిలిన కాళ్లను 320 నుంచి 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ వేడితో విడివిడిగా తీయాలి. ఆ స్థానంలో ఐసీని నేరుగా అతికించకుండా 8 పిన్నుల సాకెట్ వేయాలి, కానీ మూత పడేంత ఎత్తు ఉందో లేదో ముందే చూసుకోవాలి. బకెట్ బ్రిగేడ్ ఐసీని సాకెట్‌లో పెట్టే ముందు ఒంటిమీది స్థిర విద్యుత్తు పోయేలా చేతితో గ్రౌండైన లోహాన్ని తాకాలి. పెట్టిన తరువాత గిటార్‌ను గట్టిగా మీటుతూ బయాస్ ట్రిమ్మర్‌ను రెండు వైపులా తిప్పి, ధ్వని చీలడం మొదలయ్యే రెండు స్థానాలను గుర్తించి, వాటి మధ్యలో ఆపాలి.