పరిచిన లేను చెదరకుండా జరపడం: జీన్స్ కటింగ్ సెక్షన్‌కు కావలసిన బండ్లు, యంత్రాలు

అనంతపురం జిల్లా రాయదుర్గంలో కొత్తగా జీన్స్ యూనిట్ పెట్టాలనుకునేవారు మొదట కుట్టు మిషన్ల ధరలు కనుక్కుంటారు, ఆ తరువాత కటింగ్ మిషన్ గురించి అడుగుతారు. పరిచిన గుడ్డను ఒకచోటి నుంచి మరొక చోటికి ఎలా కదపాలన్న ప్రశ్న మాత్రం, కదపలేని బరువు టేబుల్ మీదకు చేరిన తరువాతే వారికి తడుతుంది. మనుషులున్నారు కదా, నలుగురు పట్టుకుంటే వస్తుందనే ధైర్యంతో చాలాచోట్ల పని మొదలవుతుంది. ఆ నలుగురి నడుములు పాడవకుండా, పరిచిన లే, అంటే కోయడానికి పొరలు పొరలుగా పరిచిన గుడ్డ దొంతర, చెదరకుండా ఆ బరువును ఎలా జరపాలో, అందుకు ఏ పరికరం ఎప్పుడు అవసరమో ఇక్కడ వివరంగా చెబుతాను.

ఏ యంత్రమైనా కొనే ముందు బరువును లెక్క కట్టాలి. డెనిమ్ (జీన్స్ గుడ్డ) బరువును ఔన్సులలో చెబుతారు. చదరపు గజానికి ఒక ఔన్సు అంటే చదరపు మీటరుకు సుమారు 34 గ్రాములు. ఆ లెక్కన 12 ఔన్సుల డెనిమ్ చదరపు మీటరుకు సుమారు 407 గ్రాములు తూగుతుంది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, మీటరున్నర అనుకుంటే, పొడవున ఒక మీటరు గుడ్డ 610 గ్రాములు, 100 మీటర్ల తాను 61 కిలోలు. ఇక ఆరు మీటర్ల మార్కర్ (కోయవలసిన ముక్కల ఆకారాలు గీసిన కాగితం) వేసి 80 పొరలు పరిస్తే మొత్తం 480 మీటర్ల గుడ్డ టేబుల్ మీద ఉన్నట్టు. అది 293 కిలోలు, అంటే దాదాపు మూడు క్వింటాళ్ళు. చదరపు మీటరుకు 120 గ్రాములుండే చొక్కా గుడ్డను అదే పొడవున, అన్నే పొరలుగా పరిస్తే సుమారు 86 కిలోలే. చొక్కాలు కుట్టిన అనుభవంతో జీన్స్‌లోకి వచ్చినవారు బోర్లా పడేది ఈ తేడా దగ్గరే. మీ యూనిట్‌లో పరిచే గుడ్డలన్నిటిలో బరువైనది ఏదో, అత్యధికంగా ఎన్ని పొరలు పరుస్తారో చూసి, ఈ లెక్కను కాగితం మీద వేసి గోడకు అంటించుకోండి. యంత్రాలు అమ్మేవారు ముందుగా అడగవలసిన అంకె అదే, వారు అడగకపోయినా మీరు చెప్పవలసిన అంకె కూడా అదే.

పరిచిన లేను లాగితే ఏమవుతుందో నేను చూశాను. కటింగ్ సెక్షన్ చూసుకుంటున్న తొలి రోజుల్లో, పరిచే టేబుల్ నుంచి కోసే టేబుల్‌కు ఒక లేను నలుగురం కలిసి లాగాము. రెండు టేబుళ్ళ మధ్య అరంగుళం ఎత్తు తేడా ఉంది. పైపొరలు చక్కగా కనిపించాయి, అంచులు కూడా సరిగ్గానే ఉన్నాయనుకొని కోసేశాము. అడుగున ఉన్న పొరలు ఆ మెట్టు దగ్గర ఆగి, ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కు సాగి, పోగు వంకర తిరిగిన సంగతి మాకు తెలియలేదు. కుట్టు అయింది, వాషింగ్ అయింది. ఉతికి వచ్చిన ప్యాంట్లలో అడుగు పొరలకు చెందినవన్నీ కాలు మెలి తిరిగి, పక్క కుట్టు మోకాలి మీదకు వచ్చి కూర్చుంది. ఏ ముక్క ఏ పొరదో నంబరు స్టిక్కర్లను బట్టి వెనక్కు వెతుక్కుంటూ వెళ్తే గాని కారణం దొరకలేదు. ఆ రోజు నుంచి నేను పాటించే నియమం ఒకటే: లే పుట్టిన ఎత్తులోనే కోతకు చేరాలి, మధ్యలో ఎక్కడా ఎక్కకూడదు, దిగకూడదు.

కాబట్టి మొదటి పని యంత్రం కొనడం కాదు, మట్టం చూడడం. పరిచే టేబుల్, కోసే టేబుల్, వాటి మధ్య నడిచే బండి, ఈ మూడింటి పైభాగం ఒకే ఎత్తులో ఉండాలి. నీటిగొట్టంతో మట్టం పట్టే మేస్త్రీని పిలిచి, టేబుల్ కాళ్ళకు మరలు బిగించే పాదాలు పెట్టించుకుంటే ఎత్తు సరిచేసుకోవడం తేలిక. టేబుళ్ళు కలిసే చోట ఒక మిల్లీమీటరు తేడా కూడా వేలికి తగులుతుంది. కళ్ళు మూసుకొని వేలితో రాసి చూడండి, వేలు ఆగితే గుడ్డ కూడా అక్కడ ఆగుతుంది.

మన ప్రాంతంలో నేల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కడప బండలు, తాడిపత్రి బండలు చవకగా దొరుకుతాయి గనుక చాలా షెడ్లలో నేల వాటితోనే పరుస్తారు. నడవడానికి చల్లగా, గట్టిగా బాగుంటాయి. కానీ చిన్న చక్రాల బండికి ఆ బండల సందులు గండాలే. మూడు క్వింటాళ్ళ బరువుతో వెళ్ళే బండి చక్రం సందులో పడితే, బండి ఆగుతుంది, పైనున్న లే ఆగదు. అందువల్ల బండి తిరిగే దారిలోనైనా సందులను సిమెంటుతో నింపించి, పైన అరగదీయించాలి. చక్రాలు కనీసం ఆరంగుళాల వ్యాసంతో, పైన పాలీయురేథేన్ పూత ఉన్నవి తీసుకోవాలి. నైలాన్ చక్రాలు నున్నటి నేల మీద తేలికగా దొర్లుతాయి గాని, బండల మీద ప్రతి అదురునూ లేకు అందిస్తాయి. షెడ్డులో వాలు ఉంటే దాని లెక్క కూడా వేయాలి. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద, బండితో కలిపి 360 కిలోల బరువును నిలిపి ఉంచడానికే 30 కిలోల బలం కావాలి. చేతితో నెట్టే బండిని అలాంటి వాలు మీదకు ఎప్పుడూ తీసుకుపోవద్దు.

తానుల దగ్గరికి వద్దాం. అహ్మదాబాద్ వంటి చోట్ల నుంచి లారీలో వచ్చిన తానులను భుజాన వేసుకొని దించడం మనకు అలవాటు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన 34వ సెక్షన్‌లోనే, గాయం కలిగించేంత బరువును ఎవరిచేతా ఎత్తించకూడదని, మోయించకూడదని చెప్పింది. పనిచేసేవారి భద్రతపై పరిశోధన చేసే అమెరికాలోని నియోష్ సంస్థ, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగిన బరువును 23 కిలోలుగా లెక్కలోకి తీసుకుంటుంది. 61 కిలోల తాను దానికి రెండున్నర రెట్లకు పైనే. లారీ దగ్గర తానులను ప్యాలెట్ (సరుకు పెట్టే చెక్క చట్రం) మీదకు దొర్లించి, హ్యాండ్ ప్యాలెట్ ట్రక్‌తో లోపలికి తేవాలి. మార్కెట్లో సాధారణంగా దొరికేవి రెండు నుంచి రెండున్నర టన్నులు మోస్తాయి, ప్యాలెట్ కిందికి దూరే వాటి ఇనుప చేతులు, అంటే ఫోర్కులు, నేల నుంచి 85 మిల్లీమీటర్ల ఎత్తుకు దిగి, 200 మిల్లీమీటర్ల దాకా లేస్తాయి. కొనేటప్పుడు మీ ప్యాలెట్ కింది ఖాళీ ఆ 85 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఉందో లేదో కొలవండి. ఊళ్ళో వడ్రంగి చేసిన ప్యాలెట్లకు చాలాసార్లు ఈ ఖాళీ చాలదు, ట్రక్ వచ్చాక దాన్ని ఒక మూలన పెట్టేస్తారు.

తానును పరిచే టేబుల్ ఎత్తుకు లేపడానికి హ్యాండ్ స్టాకర్ (బరువును నిలువుగా పైకెత్తే చేతిబండి) వాడాలి. ఫోర్కుల బదులు ఒకే ఇనుప కడ్డీ ఉన్న స్టాకర్ అయితే తాను మధ్యలోని అట్ట గొట్టంలోకి కడ్డీని దూర్చి నేరుగా లేపవచ్చు, గుడ్డకు మరక గాని గీత గాని పడదు. కడ్డీ కనీసం తాను పొడవులో నాలుగింట మూడొంతుల దాకా లోపలికి వెళ్ళాలి, లేకపోతే అట్ట గొట్టం చీలి తాను కొస కిందికి వాలుతుంది. పైకి లేచిన తాను కింద ఎవరూ నిలబడకూడదు. చైన్ పుల్లీతో ఎత్తే యూనిట్లు కూడా ఉన్నాయి. వాటిలో దూలం ఎంత మోయగలదో ఇంజనీరు చేత చెప్పించుకోకుండా రేకుల షెడ్డు ట్రస్సుకు పుల్లీ వేలాడదీయడం ప్రాణాలతో చెలగాటం. పైన చెప్పిన చట్టంలోని 29వ సెక్షన్ ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్ళను ఏడాదికి ఒకసారైనా అర్హుడైన వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని చెప్పింది. చిన్న యూనిట్ అయినా ఈ అలవాటు విడిచిపెట్టకండి.

ఇప్పుడు అసలైన యంత్రం, గాలి టేబుల్. పైకి మామూలు కటింగ్ టేబుల్‌లాగే ఉంటుంది. పలక నిండా ఆవగింజ దూరేంత సన్నని రంధ్రాలుంటాయి, కింద పెట్టెలాంటి ఖాళీ, దానికి ఒక బ్లోవర్. బ్లోవర్ వేయగానే రంధ్రాల నుంచి గాలి లేచి, లే అడుగున వేసిన కాగితానికీ పలకకూ మధ్య పలుచని పరుపులా నిలుస్తుంది. మూడు క్వింటాళ్ళ లే ఆ గాలి మీద కూర్చుంటుంది. మామూలు పలక మీద ఘర్షణ గుణకం 0.3 అనుకున్నా దాన్ని కదపడానికి దాదాపు 90 కిలోల బలం కావాలి. గాలి టేబుల్ మీద ఇద్దరు ఆడవాళ్ళు అరచేతులతో నెట్టితే చాలు, పడవలా సాగిపోతుంది. మొదటిసారి చూసినవారు నమ్మరు.

ఇంత బరువును గాలి ఎలా మోస్తుందని చాలామంది అడుగుతారు. 293 కిలోల బరువు ఆరు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు మీద, అంటే తొమ్మిది చదరపు మీటర్ల మీద పరుచుకొని ఉంది. చదరపు మీటరుకు 33 కిలోలకు లోపే. గిన్నెలో మూడుంబావు సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు పోస్తే అడుగున పడే ఒత్తిడి అంతే. ఈ లెక్కలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఒకే గుడ్డకు ఒత్తిడి లే పొడవును బట్టి మారదు, పొరల సంఖ్యను బట్టే మారుతుంది. లేవడం లేదని లేను పొట్టిగా చేస్తే లాభం లేదు, పొరలు తగ్గించాలి. పొడవు పెరిగితే కావలసింది ఎక్కువ ఒత్తిడి కాదు, ఎక్కువ గాలి. అంచుల నుంచి, ఖాళీ రంధ్రాల నుంచి గాలి కారిపోతుంది గనుక బ్లోవర్ ఈ లెక్క కంటే చాలా ఎక్కువ ఇవ్వగలిగి ఉండాలి. టేబుల్‌ను కొన్ని గదులుగా విడదీసి, లే ఉన్న గదికే గాలి వదిలేలా వాల్వులు ఉన్న రకం తీసుకుంటే కరెంటు ఆదా అవుతుంది.

వాడే పద్ధతి ఇది. పరిచే ముందే టేబుల్ మీద చిరుగులు లేని గోధుమరంగు కాగితం వేయాలి. అది లే కంటే అన్నివైపులా నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఆటోమేటిక్ కటింగ్ మిషన్‌కు పంపే లే అయితే రంధ్రాల కాగితం వేయక తప్పదు, ఎందుకంటే ఆ మిషన్ కిందినుంచి గాలి పీల్చి గుడ్డను అదిమి పడుతుంది. అప్పుడు లేపడానికి కొంచెం ఎక్కువ గాలి కావలసి వస్తుంది. పరవడం పూర్తయ్యాక రెండు కొసలనూ క్లాంపులతో బిగించాలి. బ్లోవర్‌ను ఒక్కసారిగా పూర్తిగా వదలకుండా మెల్లగా పెంచాలి. కాగితం అంచు సన్నగా వణకడం మొదలైతే లే లేచినట్టు. అప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనుక నిలబడి, పట్టుకుంటే కాగితాన్నే పట్టుకొని జరపాలి. గుడ్డను పట్టుకొని ఎప్పుడూ లాగకూడదు. ముందున్న మనిషి చెప్పకుండా వెనుకమనిషి నెట్టకూడదు, ఎందుకంటే గాలి మీద ఉన్న లేను కదపడం ఎంత తేలికో ఆపడం అంత కష్టం. స్థానానికి చేరాక గాలి ఆపి, మూలమట్టం పెట్టి నాలుగు మూలల్లోనూ పైపొర నుంచి అడుగుపొర దాకా అంచు నిలువుగా ఉందో లేదో చూడాలి. తేడా ఉంటే కోత మొదలుపెట్టకండి.

మధ్యలో కరెంటు పోతే లే ఉన్నచోటనే కూర్చుంటుంది. ఆ సమయంలో మిగిలిన దూరం లాగేద్దామన్న తొందర పడవద్దు. బ్లోవర్ తిరిగి వచ్చేదాకా ఆగాలి. పలుచని లైనింగ్ గుడ్డలకు, జేబు గుడ్డలకు గాలి బాగా తగ్గించాలి, లేకపోతే అంచుల్లో పైపొరలు ఎగిరి మడతపడతాయి.

గాలి టేబుల్‌కు శత్రువు నూగు. డెనిమ్ కోసినప్పుడు రాలే నీలి నూగు, దానికి తోడు ఎండాకాలంలో అనంతపురం జిల్లా దుమ్ము, రెండూ కలిసి రంధ్రాలను పూడ్చేస్తాయి. ప్రతి సాయంత్రం బ్లోవర్ నడుస్తుండగానే పలకను పొడిగుడ్డతో తుడవాలి, వారానికి ఒకసారి బ్లోవర్ ఫిల్టరు తీసి దులపాలి. పూడిన రంధ్రాలను సూదితో గాని సన్నని తీగతో గాని తెరవవచ్చు, పెద్దవి మాత్రం చేయకూడదు. పలక మీద తడిబట్ట వేయవద్దు, తడికి అంటుకున్న నూగు రంధ్రంలో గట్టిపడుతుంది.

గాలి టేబుల్ కొనే స్తోమత అందరికీ ఉండదు. రోజుకు ఒకటి రెండు లేలు కోసే యూనిట్‌కు దాని అవసరం లేదని కూడా నా అభిప్రాయం. అలాంటివారు పరిచిన టేబుల్ మీదనే కోసుకుంటే లేను జరపవలసిన పనే ఉండదు. కోసే మిషన్‌ను లే దగ్గరికి తీసుకుపోవడం, లేను మిషన్ దగ్గరికి తేవడం కంటే ఎప్పుడూ చౌక. బ్యాండ్ నైఫ్ వంటి కదలని మిషన్‌కు తీసుకుపోక తప్పనప్పుడు, నిలువుకత్తి మిషన్‌తో ముందుగా లేను మార్కర్ ఖాళీల మీదుగా చిన్న దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కొక్క దిమ్మె కిందికి పలుచని ప్లైవుడ్ పలకను జార్చి, కాలితో తొక్కి ఎత్తు పెంచే హైడ్రాలిక్ లిఫ్ట్ బండి మీదకు జరుపుకోవచ్చు. బండి బ్రేకులు రెండూ వేసి, దాని పైభాగాన్ని టేబుల్ అంచుకు ఆనించి, ఎత్తు కలిపాకే జరపాలి. లిఫ్ట్ బండిని ఎత్తిన స్థితిలో దూరం నడిపించకూడదు. కిందికి దించి తీసుకుపోయి, అవతల మళ్ళీ లేపాలి.

కోత తరువాత బరువు ముక్కలైపోతుంది గనుక పని సులువే. ఇరవై ప్యాంట్ల బండిల్ 14 కిలోల దాకా ఉంటుంది. అరలున్న ట్రాలీలో బరువైన బండిళ్ళను కింది అరల్లోను, జేబులు, బెల్టు ముక్కలను పై అరల్లోను పెట్టండి. ట్రాలీ నిండాక దాని మీదుగా అవతల నిలబడిన మనిషి ముఖం మీకు కనబడాలి. కనబడకపోతే పై అర ఖాళీ చేసి, రెండో విడతలో తీసుకుపోండి.