సేఫ్టీ స్టాప్‌లో పైకి లేచిపోతున్నారా? సీసం పెంచే ముందు వింగ్ ఖాళీ అయిందో లేదో చూడండి

సమస్య: స్కూబా డైవ్ చివర్లో, పైకి వచ్చే ముందు 5 మీటర్ల లోతున కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో నిలవలేకపోతున్నారు

జాకెట్ బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసే చొక్కా) వదిలి బ్యాక్‌ప్లేట్ (వీపు మీది లోహపు పలక), వింగ్ (ఆ పలక వెనక ఉండే గాలి సంచి) తీసుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. అడిగేసరికే పక్కవాళ్ల సలహాతో రెండు కిలోల సీసం (మునగడానికి బెల్టుకు కట్టుకునే బరువు) అదనంగా వేసుకుని ఉంటారు. ముందు లెక్క చూడండి. అండమాన్‌లో నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు, కాబట్టి ఒంటి మీద 3 మిల్లీమీటర్ల సూటో, ఉత్త రాష్‌గార్డో (పలచటి ఈత చొక్కా) ఉంటుంది. బోటు మీద ఇచ్చేది చాలావరకు అల్యూమినియం 80 సిలిండర్. అందులో నిండా పట్టే గాలి బరువే సుమారు 2.6 కిలోలు, అందుకే నిండుగా ఉన్నప్పుడు కాస్త మునిగే సిలిండర్ పూర్తిగా ఖాళీ అయితే రెండు కిలోలకు దగ్గరగా తేలుతుంది. ఇటు చూస్తే స్టీల్ ప్లేటు నీళ్లలో రెండు కిలోల పైనే కిందికి లాగుతుంది, పైగా జాకెట్‌లో తేలుతూ ఉండే మెత్తలు ఇప్పుడు లేవు. అంటే పాత బెల్టులోంచి సీసం మూడు కిలోల దాకా తగ్గాలి. తగ్గాల్సిన చోట పెంచాల్సి వస్తోందంటే తేడా సీసంలో లేదు.

దాదాపు అందరూ దాటేసే చెక్ ఒకటుంది. సిలిండర్‌లో 50 బార్ పీడనం మిగిలినప్పుడు, 5 మీటర్ల దగ్గర, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి తీస్తూ అక్కడే నిలవాలి. నిలిస్తే మీ బరువు సరిపోయినట్టే. ఇది నిండు సిలిండర్‌తో బోటు పక్కన చేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే డైవ్‌లో ఖర్చయ్యే గాలి బరువే రెండు కిలోలు. అలా చేయక తప్పకపోతే వచ్చిన లెక్కకు ఆ రెండు కిలోలు కలపండి.

మెలికంతా వింగ్ ఖాళీ చేయడంలోనే ఉంది, నన్ను బాగా తిప్పలు పెట్టింది కూడా ఇదే. ఇన్‌ఫ్లేటర్ గొట్టం (వింగ్‌లోకి గాలి నింపే, వదిలే గొట్టం) పైకెత్తి, బటన్ నొక్కి, బుడగలు ఆగగానే ఖాళీ అయిపోయిందనుకుంటాం. గొట్టం ఉండేది ఎడమ వైపు. వింగ్ గుర్రపు లాడం ఆకారంలో ఉంటే కుడి వైపు గాలి బయటికి రావడానికి పై భాగం ఒక్కటే దారి. వింగ్‌లో ఒక మడత సిలిండర్‌కీ ప్లేటుకీ మధ్య, లేదా క్యామ్ బ్యాండ్ (సిలిండర్‌ను ప్లేటుకు బిగించే పట్టీ) కింద ఇరుక్కుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఒకటి రెండు లీటర్ల గాలి కుడి వైపున అలాగే ఉండిపోతుంది, మీకు మాత్రం బరువు చాలనట్టే అనిపిస్తుంది. సీసం వేస్తారు. దిగువన ఆ సీసాన్ని మోయడానికి వింగ్‌లోకి ఇంకా గాలి కొడతారు. 10 మీటర్ల దగ్గర 4 లీటర్లున్న గాలి 5 మీటర్లకు వచ్చేసరికి 5.3 లీటర్లవుతుంది, అంటే కిలో పైన పైకి తోసే బలం కొత్తగా పుట్టినట్టు. స్టాప్ ఇంకా కష్టమవుతుంది, ఇంకో కిలో వేస్తారు.

విశాఖ నుంచి వచ్చిన ఒకాయన ఇలాగే ఆరు కిలోలతో డైవ్ చేస్తున్నాడు, ఒంటి మీదేమో రాష్‌గార్డ్. స్టాప్‌లో వెనక నుంచి చూస్తే వింగ్ ఎడమ పక్క ముడతలు పడి ఉంది, కుడి పక్క మాత్రం గట్టిగా ఉబ్బి ఉంది. నిటారుగా అయి, గొట్టం పైకెత్తి బటన్ నొక్కమని సైగ చేసి, ఉబ్బిన కుడి పక్కను చేత్తో నొక్కాను. ఒక్కసారిగా బుడగలు గుప్పున వచ్చాయి, మనిషి రాయిలా దిగిపోబోతే హార్నెస్ (భుజాల పట్టీలు) పట్టుకోవాల్సి వచ్చింది.

దీన్ని ఒడ్డు మీదే కనిపెట్టొచ్చు. వింగ్‌ను సిలిండర్‌కి పూర్తిగా బిగించి, గాలి నింపి, నిలబెట్టి, గొట్టం పైకెత్తి ఖాళీ చేయండి. తర్వాత కుడి పక్క చేత్తో నొక్కండి. గొట్టంలోంచి ఇంకా గాలి వస్తే ఇరుకు ఉన్నట్టే. క్యామ్ బ్యాండ్ వదులు చేసి, వింగ్‌ను పైకి లాగి చదునుగా పరిచి, ఎక్కడా మడత లేకుండా చూసి మళ్లీ బిగించండి. చుట్టూ గాలి తిరిగే గుండ్రటి వింగ్ అయితే ఈ బెడద తక్కువ, లేదని మాత్రం కాదు.

వింగే మరీ వెడల్పుగా ఉంటే ఎలా సర్దినా లాభం లేదు. జంట సిలిండర్ల వింగ్ ఒక్క సిలిండర్ మీద వేస్తే రెండంచులూ దోసె మడిచినట్టు పైకి లేచి, ఆ మడతల్లో గాలి నిలిచిపోతుంది. వెచ్చటి నీళ్లకు, ఒక్క సిలిండర్‌కు 8 నుంచి 11 కిలోలు ఎత్తే వింగ్ చాలు. తర్వాత పనికొస్తుందని పెద్దది కొనకండి.

సమస్య: కాళ్లు కిందికి జారుతున్నాయి

సీసం నడుము మీద ఉంది. అందులో ఒకటో రెండో కిలోలు పై క్యామ్ బ్యాండ్‌కి మార్చండి. చాలామంది సిలిండర్‌ను పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంటారు గానీ, అల్యూమినియం సిలిండర్ నీళ్లలో పెద్దగా బరువుండదు కాబట్టి దాన్ని జరిపితే పెద్దగా తేడా రాదు.

సమస్య: నీటి పైన ముఖం ముందుకు పడిపోతోంది

వింగ్ అవసరానికి మించి నింపారు. సగం తగ్గించి వెనక్కి వాలండి, క్రాచ్ స్ట్రాప్ (కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ) వదులుగా ఉంటే బిగించండి.

వింగ్ చిల్లు పడటం, ఎల్బో (గొట్టం వింగ్‌కి కలిసే వంపు) వదులవడం అరుదు, గాలి నింపి రాత్రంతా ఉంచితే తెలిసిపోతుంది. బటన్ నొక్కకుండానే వింగ్ ఉబ్బుతుంటే వెంటనే సిలిండర్ నుంచి ఇన్‌ఫ్లేటర్‌కి గాలి తెచ్చే సన్న గొట్టం ఊడదీసి, ఇన్‌ఫ్లేటర్ సర్వీసుకివ్వండి.

ప్లేటు ఎంచుకోవడం మీ సిలిండర్‌ని బట్టే. అల్యూమినియం 80కి స్టీల్ ప్లేటు బాగా కుదురుతుంది, చాలామందికి బెల్టే అక్కర్లేదు. స్టీల్ సిలిండర్ ఇచ్చే చోట, రాష్‌గార్డ్ మీద స్టీల్ ప్లేటు వేసుకోకండి. దిగగానే వింగ్ పాడైతే వదిలేయడానికి మీ దగ్గర సీసమే ఉండదు, అంత బరువుతో ఫిన్స్ కొట్టుకుంటూ పైకి రావాలి. అక్కడ కిలో లోపు బరువుండే అల్యూమినియం ప్లేటే వాడండి, 15 కిలోల విమానం బ్యాగులోకి కూడా అదే హాయిగా పడుతుంది.