కాగితం మీద కెమిస్ట్రీ – 4వ పాఠం: నైట్రోజన్ ఘనం

పోయిన పాఠంలో బంధశక్తుల లెక్క, అంటే పరమాణువుల మధ్య బంధం తెంచడానికి ఎంత శక్తి పడుతుందో, నేర్చుకున్నాం. ఇవాళ దాన్ని ఎవరూ ఇంతవరకూ తయారు చెయ్యని ఒక అణువు మీద వేసి చూద్దాం. పేరు ఆక్టాఅజాక్యూబేన్. ఘనం గీసి, ఎనిమిది మూలల్లో ఎనిమిది నైట్రోజన్ పరమాణువులు కూర్చోబెట్టండి. బొమ్మ ముద్దుగానే ఉంటుంది. పెన్సిల్‌తో ఆపేస్తే అందరికీ క్షేమం.

ముందు బంధాలు లెక్కపెట్టండి. ఒక్కో నైట్రోజన్‌కి మూడు చేతులు, ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. ఒక బంధానికి రెండు చేతులు కలవాలి కాబట్టి 12. ఆ సగం చెయ్యడం మర్చిపోయి నేను మొదటిసారి 24 వేశాను. నా ఘనం కొండలా కదలకుండా కూర్చుంది! అనుమానం వస్తే ఘనం అంచులు లెక్కపెట్టుకోండి, అవీ 12.

ఈ ఏకబంధం తెంచడానికి మోల్‌కి సుమారు 160 కిలోజౌల్స్. 12 × 160 = 1920. ఇది మన ఖర్చు. పరమాణువులు జంటలు కట్టి మామూలు నైట్రోజన్ అయిపోతే నాలుగు త్రిబంధాలు, ఒక్కోటి ఏర్పడినప్పుడు మనకి తిరిగొచ్చేది 945. 4 × 945 = 3780. మిగులు 1860. మోల్ బరువు 112 గ్రాములు కాబట్టి గ్రాముకి దాదాపు 16.6 కిలోజౌల్స్. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి కట్టే లెక్క గ్రాముకి 4.2 దగ్గర.

పైగా అమ్మోనియాలో 107 డిగ్రీలు చాపుకుని హాయిగా ఉండే చేతుల్ని ఇక్కడ 90కి మడిచాం. ఆ టెన్షన్‌ని మన లెక్కలో కలపనే లేదు. అసలు మిగులు ఇంకా ఎక్కువే.

సీసా మీద లేబుల్ ఏం రాయాలంటారా? ‘నైట్రోజన్’ అని రాస్తే చాలు, చదివేసరికి అదే నిజమవుతుంది. సీసా ఉంటే కదా చదవడానికి!

అయితే ఒక మెలిక ఉంది. కార్బన్, హైడ్రోజన్‌లతో ఇలాంటి ఘనాన్నే 1964లో ఫిలిప్ ఈటన్ బృందం తయారు చేసింది. అక్కడా మూలలు 90 డిగ్రీలే, కానీ ఆ స్ఫటికాలు గది వేడిమికి కదలకుండా ఉంటాయి. ఎంత శక్తి వస్తుందో మన లెక్క చెబుతుంది, ఎప్పుడు వస్తుందో చెప్పదు. ఆ ‘ఎప్పుడు’ వచ్చే పాఠంలో.

ఈలోగా నాలుగు నైట్రోజన్లతో, ప్రతిదీ మిగతా మూడింటితో చేతులు కలిపిన పిరమిడ్ గీయండి. మిగులును పరమాణువుకింత అని పంచి చూడండి. ఘనానికి వచ్చిన 232.5 ఇక్కడా వస్తుంది, కంగారు పడకండి. కోణాలు మాత్రం 60 డిగ్రీలు. రెండింట్లో అసలు మిగులు దేనికి ఎక్కువో రాసి పెట్టుకోండి.