ఫైబర్ పెట్టెలో రెండు వైఫైలు
ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంటే ఒకసారి వైఫై పేర్లు చూడండి. ఆ ఇంటర్నెట్‌ను వైఫైగా పంచే పెట్టె చాలా ఇళ్లలో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు (రేడియో తరంగాల శ్రేణులు) రెండింటిలోనూ సిగ్నల్ ఇస్తుంది. రెండింటికీ ఒకే పేరుంటే ఫోను నెమ్మదైన 2.4కే అతుక్కుని ఉండిపోవచ్చు. సెట్టింగుల్లో వేరు వేరు పేర్లు పెట్టండి. దగ్గరున్న టీవీకి, లాప్‌టాప్‌కి 5. గోడల అవతలి గదికి, స్మార్ట్ బల్బులకు 2.4. పెట్టెను ఇనుప బీరువా పక్కన పెట్టకండి.

అన్నిటికన్నా ముఖ్యం, దానికి వచ్చే సన్నని ఫైబర్ తీగ. లోపల ఉన్నది గాజు. గట్టిగా మడిస్తే ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే వెలుతురు బయటికి జారిపోతుంది. మా ఇంట్లో తలుపు సందున నలిగి, సిగ్నల్ అందడం లేదని చెప్పే ఎల్‌ఓఎస్ ఎర్రదీపం వెలిగి, రెండు రోజులు ఇంటర్నెట్ లేదు. మిగిలిన తీగను అరచేయంత వెడల్పు చుట్టగా వదులుగా చుట్టి ఉంచండి. కరెంటు తీగలా ముడి వేయవద్దు.