జెపర్డీ ఆఖరి ప్రశ్న: పందెం ఎంత కాయాలి, క్లూను ఎలా చదవాలి

మెర్వ్ గ్రిఫిన్ రూపకల్పనతో 1964లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలై, 1984 నుంచి దశాబ్దాల పాటు అలెక్స్ ట్రెబెక్ నిర్వహణలో సాగిన జెపర్డీ క్విజ్‌లో ఆఖరి ప్రశ్నను కేవలం జ్ఞానపరీక్షగా చూసేవారికి ఆటలో సగం కనబడదు. అక్కడ జవాబు తెలియడం ఎంత ముఖ్యమో, జవాబు తెలియకపోతే ఏమవుతుందో ముందే లెక్క వేసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఇంట్లో కూర్చుని పోటీదారులతో పాటు ఆడాలనుకునేవారికీ, పందేల వెనుక ఉన్న ఆలోచనను అర్థం చేసుకోవాలనుకునేవారికీ ఈ వివరణ ఉపయోగపడుతుంది.

ముగ్గురు పోటీదారులు రెండు రౌండ్లు ఆడాక నిర్వాహకుడు ఆఖరి ప్రశ్న ఏ విభాగానికి చెందినదో మాత్రమే ప్రకటిస్తాడు. ప్రకటనల విరామంలో ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న సొమ్ములో ఎంత పందెం కాస్తారో రహస్యంగా నమోదు చేస్తారు. విరామం తర్వాత క్లూ తెరమీదికి వస్తుంది, 30 సెకన్ల సంగీతం నడుస్తుంది, ఆ లోపు జవాబును ప్రశ్న రూపంలో ("ఫలానాది ఏమిటి?" అన్నట్టు) రాయాలి. జవాబు సరైతే పందెం సొమ్ము కలుస్తుంది, తప్పైతే పోతుంది. రెండు రౌండ్ల చివర సున్నాలో గానీ అప్పులో గానీ ఉన్నవారికి ఈ రౌండ్‌లో ప్రవేశం లేదు. గెలిచినవారికి మాత్రమే సంపాదించిన సొమ్మంతా దక్కుతుంది, మర్నాటి ఆటకు వచ్చే అవకాశమూ వారిదే. మిగిలిన ఇద్దరికీ నిర్ణీత మొత్తం ఇచ్చి పంపుతారు. అందువల్ల రెండో స్థానాన్ని కాపాడుకోవాలన్న ఆలోచనతో పందెం కాయడంలో పెద్దగా అర్థం లేదు.

ముందుగా మొదటి స్థానంలో ఉన్నవారి లెక్క చూద్దాం. రెండో స్థానంలో ఉన్నవారి సొమ్మును రెట్టింపు చేసి, దానికి ఒక డాలరు కలిపి, అందులోంచి మీ సొమ్మును తీసివేయాలి. మిగిలినదే మీ పందెం. ఎదుటివారు ఉన్నదంతా ఒడ్డి సరైన జవాబు చెప్పినా, మీరు కూడా సరిగా చెబితే ఒక డాలరు తేడాతో గెలుస్తారు. ఆ ఒక్క డాలరును చిన్నచూపు చూడకూడదు, ఎందుకంటే ఇప్పటి నిబంధనల ప్రకారం మొదటి స్థానంలో సమానంగా నిలిచినవారిని మరొక క్లూతో తేలుస్తారు, అక్కడ ఎవరు ముందు బజర్ నొక్కి సరిగా చెబితే వారిదే గెలుపు. 2004లో వరుసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్ తన ఆఖరి ఆటలో 14,400 డాలర్లతో ముందున్నాడు, రెండో స్థానంలో ఉన్న నాన్సీ జెర్గ్ దగ్గర 10,000 ఉన్నాయి. అతను కాసిన పందెం 5,601. ఇరవై వేలకు ఒక డాలరు కలిపి 14,400 తీసివేస్తే వచ్చేది సరిగ్గా అదే.

పందెం తప్పు కాదు, జవాబు తప్పింది. అతను 8,799కి పడిపోయాడు. 4,401 కాసి సరైన జవాబు రాసిన జెర్గ్ 14,401తో గెలిచింది, అంటే జెన్నింగ్స్ పందెం కాయకముందు ఉన్న చోటికి ఒక డాలరు పైకి చేరుకుంది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. వీరిద్దరి మధ్య లెక్క మాత్రమే చూస్తే, జెర్గ్ 1,200 డాలర్లు గానీ అంతకంటే తక్కువ గానీ కాసి ఉంటే, ఆమె జవాబు తప్పైనా కనీసం 8,800 మిగిలేవి. జెన్నింగ్స్ తప్పు చెప్పిన మరుక్షణం ఆట ఆమెదే అయ్యేది. ఆమె కాసిన పందెంతో ఇద్దరూ తప్పు చెప్పి ఉంటే ఆమె 5,599తో ఓడిపోయేది. ముందున్నవారు రెట్టింపు లెక్క ప్రకారమే పందెం కాస్తారని నమ్మినప్పుడు వెనకున్నవారికి చిన్న పందెమే మేలు. వారు భయపడి తక్కువ కాస్తారని అనుమానం ఉన్నప్పుడే పెద్ద పందానికి అర్థముంటుంది.

ఈ వెసులుబాటు రెండో స్థానంలో ఉన్నవారికి అన్నివేళలా ఉండదు. వారి సొమ్ము మొదటివారి సొమ్ములో మూడింట రెండు వంతులు దాటితేనే, ముందున్నవారు తప్పు చెప్పి పడిపోయే చోటుకు వీరు పైన ఉంటారు. 14,400లో మూడింట రెండు వంతులు 9,600 కనుక జెర్గ్ ఆ గీతకు కొద్దిగా పైన ఉంది. అదే 15,000కు ఎదురుగా 9,000 ఉంటే సంగతి వేరు: ముందున్నవారు 3,001 కాసి తప్పు చెప్పినా 11,999 దగ్గర ఆగుతారు, వెనకున్నవారు 3,000 కాసి సరైన జవాబు చెప్పి తీరాల్సిందే.

ఈ లెక్కకు 2019 జూన్‌లో జేమ్స్ హోల్జ్‌హావర్ ఓడిన ఆటకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. 32 ఆటలు వరుసగా గెలిచి, భారీ పందేలకు పేరుపొందిన ఆ మనిషి ఆఖరి ప్రశ్నకు కేవలం 1,399 కాయడం చూసి చాలామంది విస్తుపోయారు, కావాలనే ఓడాడన్న మాటలు కూడా వినిపించాయి. ఆ రోజు ఎమ్మా బోచర్ దగ్గర 26,600, అతని దగ్గర 23,400, మూడో పోటీదారు దగ్గర 11,000 ఉన్నాయి. బోచర్ రెట్టింపు లెక్క ప్రకారం 20,201 కాస్తుందని అతనికి తెలుసు, ఆమె నిజంగానే అంత కాసింది. ఆమె సరిగా చెబితే 46,801కి చేరుతుంది, అతను ఉన్నదంతా ఒడ్డినా 46,800 దాటలేడు. ఆమె తప్పు చెబితే 6,399కి పడిపోతుంది. అంటే ఆమె సరిగా చెప్పిన పక్షంలో అతని పందానికి విలువే లేదు. తప్పు చెప్పిన పక్షంలో అతను కాచుకోవాల్సింది మూడో మనిషిని ఒక్కరినే. ఆ మూడో పోటీదారు సొమ్ము రెట్టింపైతే 22,000. 23,400లోంచి 1,399 తీసేస్తే 22,001. జవాబు తప్పినా ఒక డాలరు తేడాతో నిలబడేలా వేసిన పందెమది. బోచర్ సరైన జవాబు రాసి గెలిచింది, అంతే తప్ప అందులో లొంగుబాటు ఏమీ లేదు.

మూడో స్థానంలో ఉన్నవారు సాధారణంగా పై ఇద్దరూ తప్పు చెప్పిన స్థితిని ఊహించుకుని, అప్పుడు తాము వారికంటే పైన ఉండేలా వీలైనంత తక్కువ కాయాలి. ఇక మొదటివారి సొమ్ము రెండోవారి రెట్టింపును దాటిందంటే ఆట అప్పటికే ముగిసినట్టే. 20,000కు ఎదురుగా 9,000 ఉంటే 1,999కి మించి కాయకుండా ఉంటే చాలు. విభాగం పేరు నచ్చిందా లేదా అన్నది ఈ హద్దుల లోపల మాత్రమే చూసుకోవాలి, ఇష్టమైన విభాగం వచ్చిందని హద్దు దాటడం అనవసరమైన సాహసం. ఎదుటివారు నా మనసులో మాట ఊహించి ఉంటారని, దానికి నేను విరుగుడు వేయాలని ఆలోచిస్తూ పోతే దానికి అంతుండదు. ఎదుటివారి పందేల తీరు బాగా తెలిసినవారికే ఆ దారి పనికొస్తుంది.

ఇక క్లూ సంగతి. ఆఖరి క్లూలు అరుదైన విషయాన్ని అడుగుతున్నట్టు కనిపిస్తాయి గానీ, జవాబు చాలాసార్లు అందరికీ తెలిసిన పేరే అయి ఉంటుంది, దారి మాత్రమే మెలికలు తిరిగి ఉంటుంది. కనుక క్లూలో ప్రతి మాటనూ ఒక షరతుగా చదవాలి. జెన్నింగ్స్‌ను ఓడించిన క్లూ సారాంశం ఇది: ఈ సంస్థకున్న 70,000 మంది తాత్కాలిక వైట్ కాలర్ (కార్యాలయ పని చేసే) ఉద్యోగుల్లో ఎక్కువమంది ఏడాదిలో నాలుగు నెలలే పనిచేస్తారు. అతను ఫెడెక్స్ అని రాశాడు. క్రిస్మస్ రద్దీకి మనుషుల్ని పెట్టుకునే సంస్థ కనుక ఆ ఊహ రావడం సహజమే. అయితే పార్సిళ్లు చేరవేసేవారిని వైట్ కాలర్ ఉద్యోగులని ఎవరూ అనరు, పండుగ రద్దీ నాలుగు నెలలు సాగదు. బల్ల ముందు కూర్చుని చేసే పని ఏడాదిలో నాలుగు నెలలే ఉండేది ఎక్కడ అని ప్రశ్నించుకుంటే, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా సాగే అమెరికా ఆదాయపు పన్ను రిటర్నుల కాలం గుర్తుకు వస్తుంది. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, పన్ను రిటర్నులు తయారుచేసిపెట్టే సంస్థ.

రెండో ఉదాహరణ 2011లో ఐబీఎమ్ వాట్సన్ అనే కంప్యూటర్ ఆడిన పోటీలోది. విభాగం అమెరికా నగరాలు. అతి పెద్ద విమానాశ్రయానికి రెండో ప్రపంచ యుద్ధ వీరుడి పేరు, రెండో పెద్ద విమానాశ్రయానికి ఆ యుద్ధంలోని ఒక పోరాటం పేరు ఉన్న నగరం ఏది అన్నది క్లూ. వాట్సన్ కెనడాలోని టొరంటో పేరు రాసింది. మనుషులు ఇలాంటి చోట విభాగం పేరునే మొదటి షరతుగా పెట్టుకుంటే సగం తప్పులు దగ్గరికి రావు. ఆ తర్వాత క్లూలో ఇరుకైన భాగం నుంచి వెతకాలి: వీరులు వందలమంది ఉంటారు, విమానాశ్రయానికి పేరు పెట్టదగ్గ పోరాటాలు కొన్నే. మిడ్‌వే పోరాటం తట్టగానే ఆ పేరున్న విమానాశ్రయం గల షికాగో వస్తుంది, యుద్ధ వీరుడి పేరున్న ఓహేర్ విమానాశ్రయం దాన్ని ధ్రువపరుస్తుంది. వాట్సన్ పందెం 947 డాలర్లే కావడంతో దానికి పెద్దగా నష్టం జరగలేదు.

ముప్పై సెకన్లలో మొదటి పది సెకన్లు షరతులు ఏరుకోవడానికి, తర్వాతి పది వచ్చిన జవాబును ప్రతి షరతుతో సరిచూడటానికి వాడితే రాయడానికి తగినంత సమయం మిగులుతుంది. ఏ జవాబూ పూర్తిగా సరిపోకపోయినా ఖాళీగా వదలకూడదు. పందెం ఎలాగూ పోతుంది, ఊహకు అదనపు శిక్ష లేదు. అక్షర దోషాలను సాధారణంగా పట్టించుకోరు గానీ, ఉచ్చారణ మారిపోయేలా రాస్తే జవాబు చెల్లదు. ఇంట్లో సాధన చేసేటప్పుడు విభాగం ప్రకటించగానే కార్యక్రమాన్ని ఆపి, ముగ్గురి సొమ్మూ కాగితం మీద రాసుకుని, ముగ్గురి తరఫునా పందేలు వేసి, ఆ తర్వాతే క్లూ చూడండి. పోటీదారుల అసలు పందేలు తెరమీదికి వచ్చినప్పుడు మీ అంకెలతో తేడా ఎక్కడ వచ్చిందో అక్కడ వారు ఎవరికి భయపడ్డారో వెతకండి.