కారు సైజు కాదు, ముందు సీసీ చూడండి

మా బావ స్విఫ్ట్ ఇచ్చేసి క్రెటా కొందామనుకుంటున్నాడు. మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ ఒకటే టెన్షన్, అంత పెద్ద బండికి ఇన్సూరెన్స్ రెట్టింపు అవుతుందేమోనని. ముందు ఆర్సీలో క్యూబిక్ కెపాసిటీ, అంటే ఇంజిన్ సైజు చెప్పే సీసీ, ఎంతుందో చూడు బావా అన్నాను.

థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్స్, దాని ప్రీమియానికి బండి ఎంత పొడవుందో అక్కర్లేదు, సీసీ చాలు. రేటు కేంద్రం పెట్టిందే కాబట్టి ఏ కంపెనీకెళ్లినా ఒకటే. 2022 జూన్‌లో వచ్చిన రేట్లలో సొంత కారుకి ఏడాదికి 1000 సీసీ వరకు 2,094, అది దాటి 1500 వరకు 3,416, ఆపైన ఏకంగా 7,897 రూపాయలు, జీఎస్టీ వేరే. స్విఫ్ట్ 1197, పెట్రోల్ క్రెటా 1497, అంటే రెండూ ఒకే మెట్టు! 998 సీసీ టర్బో సోనెట్ అయితే చూడ్డానికి ఎస్‌యూవీ, కట్టేది ఆల్టో రేటు. డీజిల్ ఇన్నోవా క్రిస్టా మాత్రం పై మెట్టే. కొత్త కారుకి మూడేళ్లది ఒకేసారి కట్టాలి. ఎలక్ట్రిక్ వాటికి సీసీ ఉండదు, కిలోవాట్లు చూస్తారు.

అసలు తేడా ఓన్ డ్యామేజ్ దగ్గర, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టేది. అది ఐడీవీని బట్టి, అంటే బండికి ఈరోజున్న విలువని బట్టి. ఆ విలువలో కొత్తలో 5 శాతం తగ్గిస్తారు, నాలుగేళ్లు దాటితే సగం. ఖరీదైన కారుకి ఇక్కడ తప్పదు, పైగా కంపెనీని బట్టి రేటు మారుతుంది, అందుకే రెండు మూడు చోట్ల అడగండి, కానీ అన్నిచోట్లా ఒకే ఐడీవీ పెట్టి అడగండి, లేకపోతే ఐడీవీ కోసేసి చవక అని చూపిస్తారు. ఓన్ డ్యామేజ్ రేటు ఊరి జోన్‌ని బట్టి కూడా మారుతుంది: శ్రీకాకుళం, విజయనగరం జోన్ బీ కిందకొస్తాయి, హైదరాబాద్ జోన్ ఏ, ఆ కాస్త మనకి కలిసొస్తుంది.

డబ్బు మిగులుతుందని ఉత్త థర్డ్ పార్టీతో సరిపెట్టకండి. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో పలాస వైపు కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో చూశాం కదా, అలాంటి చెట్టు బండి మీద పడితే థర్డ్ పార్టీ పైసా ఇవ్వదు. తెల్ల నంబర్ ప్లేట్ బండిని పెళ్లిళ్లకి అద్దెకి తిప్పడం ఇంకో తలనొప్పి, క్లెయిమ్ కొట్టేస్తారు.

బావకి చివర్లో చెప్పింది మాత్రం ఇది: మూడేళ్లుగా క్లెయిమ్ చెయ్యలేదు కాబట్టి ఓన్ డ్యామేజ్‌లో 35 శాతం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, ఉంది, అది స్విఫ్ట్‌ది కాదు, నీది. బండి అమ్మాక పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ బోనస్ ఉందనే లెటర్ తీసుకుని క్రెటాకి వాడుకో. టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఏజెంటుకి ఫోన్ చేశాడు.