దత్తత సంస్థను నమ్మే ముందు ఏం చూడాలి?

మన దేశంలో అనాథగా మిగిలిన బిడ్డనో, కన్నవారు వదిలేసిన లేదా అప్పగించిన బిడ్డనో దత్తత తీసుకోదలచిన దంపతులు ముందుగా తెలుసుకోవలసింది, తనకు నచ్చినవారికి బిడ్డను ఇచ్చే అధికారం ఏ సంస్థకూ లేదన్న సంగతి. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి సీనియారిటీ ప్రకారం వంతు వచ్చినప్పుడే బిడ్డ వివరాలు అందుతాయి. కాబట్టి మూడు నెలల్లో పసిపాపను చేతికిస్తామని ఎవరు మాట ఇచ్చినా, వారు పేరున్న ఆశ్రమం వారైనా, ఆసుపత్రిలో తెలిసిన నర్సైనా, అక్కడితో ఆగిపోవడం మంచిది.

పిల్లల ఆశ్రమంగా నమోదు కావడం వేరు, ప్రత్యేక దత్తత సంస్థగా, అంటే బిడ్డలను దత్తతకు ఇచ్చే సంస్థగా, గుర్తింపు పొందడం వేరు. బాలల న్యాయ చట్టం 2015లో మొదటిది 41వ సెక్షన్ కిందకు, రెండోది 65వ సెక్షన్ కిందకు వస్తుంది. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఈ రెండింటిలో ఏదో, దాని గడువు ఎప్పటివరకో చదివి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కూడా ఒకసారి అడిగి నిర్ధారించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఈ బిడ్డ ఇక్కడికి ఎలా వచ్చింది అన్నది. పాతికేళ్ల క్రితం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల్లోని పేద తల్లుల నుంచి ఆడశిశువులను కొని దత్తతకు పంపిన వ్యవహారం బయటపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తల్లులకు తమ మనసు మార్చుకునే అవకాశమే లేకపోయింది. నేటి చట్టం బిడ్డను అప్పగించిన కన్నవారికి 60 రోజుల గడువు ఇస్తుంది. అది ముగిశాకే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డను దత్తతకు చట్టబద్ధంగా అర్హురాలిగా ప్రకటిస్తుంది. ఆ ఉత్తర్వు చేతిలోకి తీసుకుని, అందులోని పేరు, తేదీ, సమితి సంతకాలు బిడ్డ నేపథ్యం తెలిపే అధ్యయన నివేదికతోనూ వైద్య నివేదికతోనూ సరిపోతున్నాయో లేదో వరుసగా చూడాలి. బిడ్డను మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించుకుంటామంటే మంచి సంస్థ అడ్డు చెప్పదు. ఈ కాగితాలకు బదులు నోటరీ చేయించిన బాండ్ పేపరు చూపిస్తే అది దత్తత కాదు. పిల్లల అమ్మకం నేరమని, అదే చట్టం 81వ సెక్షన్ కింద దానికి అయిదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష పడుతుందని గుర్తుంచుకోవాలి. కొన్నవారికీ అదే శిక్ష.

డబ్బు విషయం ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఇంటి పరిశీలనకు రూ. 6,000, పిల్లల సంరక్షణ నిధికి రూ. 50,000 అని 2022 దత్తత నిబంధనలు నిర్ణయించాయి. వీటికి రసీదు తప్పనిసరి. విరాళం పేరుతో విడిగా అడిగేవారిని నమ్మకూడదు.

ఇంటి పరిశీలనకు సంస్థ సాంఘిక కార్యకర్త మీ ఇంటికి వచ్చినప్పుడు ఎలా మాట్లాడతారో కూడా గమనించండి. ఆదాయం, గదుల సంఖ్య రాసుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయేవారికన్నా, బిడ్డకు దత్తత సంగతి ఎప్పుడు, ఎలా చెబుతారని అడిగి, మీ అత్తమామల అభిప్రాయం కూడా విని వెళ్లేవారు నాకు ఎక్కువ నమ్మదగినవారిగా కనిపిస్తారు. ఇప్పుడు దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు. దానికోసం దరఖాస్తును సంస్థే వేయాలి. ఆ తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి బిడ్డ ఎలా ఉందో చూడడానికి ఎవరు వస్తారో, బిడ్డ రాత్రిళ్లు ఏడుపు ఆపకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో మొదటి రోజే అడిగి రాసుకోండి.